తెల్లంచు లేని గొంగడి

అనగా అనగా, నేను పుట్టకముందు, నాకు ఈ కథ చెప్పినవాళ్లు పుట్టకముందు, వాళ్లకు చెప్పినవాళ్ల పాలపళ్లైనా రాకముందు, కాకిగుట్ట కింద ఒక కురుమల పల్లె ఉండేది. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నేను నిద్రపోతాను, కథ అక్కడే ఆగిపోతుంది.

కాకిగుట్ట కురుమలకు గొర్రెలే ఆస్తి, గొర్రెలే చుట్టాలు. తెల్లారితే మంద వెంట గుట్టెక్కడం, పొద్దుగూకితే మంద వెంట గుట్ట దిగడం. ఉన్ని కత్తిరించడం, వడకడం, గొంగడి నేయడం. ఆ పల్లెకు ఒక గొప్ప ఉండేది. ఎవరడిగినా మీసం మెలేసి చెప్పేవాళ్లు. మా మంద నలుపు, మా గొంగడి నలుపు, మా కుక్క నలుపు. ఎక్కడా పిసరంత తెలుపు ఉండకూడదు. వాళ్ల ముత్తాతల కాలంలో తెల్ల మచ్చ కుక్క ఒకటి మందలో తిరిగిన ఏడే గాలికుంటు రోగం వచ్చి సగం గొర్రెలు పోయాయట. కుక్క మచ్చకూ గొర్రె రోగానికీ ఏమిటి సంబంధం అని ఒక్కడూ అడగలేదు. అలాంటివి అడిగితే పెద్దలకు కోపం వస్తుంది కదా.

కాబట్టి మంద నలుపు, గొంగడి నలుపు, కుక్క నలుపు.

ఇందులో ఒక చిక్కుంది. తోడేలు వచ్చేది మునిమాపు వేళ, మంద గుట్ట దిగేటప్పుడు. అది మందలో పడగానే కుక్కలు దాని మీద పడేవి. కురుమలు ఒడిసెలలు తీసేవాళ్లు. ఒడిసెల అంటే రెండు తాళ్ల మధ్య రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి వదిలేది. తగిలితే తోడేలైనా లేవదు. కానీ ఆ మసకలో గొర్రెలూ నల్లగానే కనబడేవి, కుక్కలూ నల్లగానే కనబడేవి, తోడేలూ నల్లగానే కనబడేది. ఏటా ఒకటో రెండో కుక్కలు సొంత మనుషుల రాళ్లకే పోయేవి. వాటికి గుంత తీసి మట్టి కప్పి, తోడేలు చంపిందని చెప్పుకునేవాళ్లు. అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు.

ఆ పల్లె చివర, గొర్రెల దొడ్డి కంచెను ఆనుకుని ఒక గుడిసె. అందులో ఈదవ్వ. మొగుడు పోయాడు. కడుపున కాయ కాయలేదు. ఉన్న నాలుగు గొర్రెలూ రోగానికి పోయాయి. మిగిలింది తల మీద జుట్టు, అదీ దూదిలా తెల్లబడింది. పొద్దున్నే దొడ్డి ఊడ్చేది, పెంట ఎత్తేది. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు తల్లిని కుదిర్చేది, పిల్ల చచ్చిన తల్లికి పిల్లను కుదిర్చేది. అందుకు ఇంటికింత అంబలి పోసేవాళ్లు.

ఆమెకు ఇంకో పని ఉండేది. దాని గురించి ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. కుక్క ఈనితే పిల్లల్ని తిరగేసి చూడాలి. తెల్ల మచ్చ ఉన్నవాటిని గంపలో వేసుకుని వెళ్లి బండల లోయలో పారేసి రావాలి. ఆ పనికి మగవాళ్లకు చేతులు రావు, ఆడవాళ్లకు మనసొప్పదు. అందుకని ఈదవ్వకు చెప్పారు. ఈదవ్వకు మనసొప్పుతుందా అని అడిగినవాళ్లు లేరు. ఆమె వెళ్లేది, వచ్చేది, ఆ పూట అంబలి ముట్టేది కాదు.

ఇక ఆ పల్లెకు పెద్ద గట్టయ్య. అందరికంటే పెద్ద మంద అతనిది, అందరికంటే గురి తప్పని ఒడిసెల అతనిది. గట్టయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. తిట్టుకుంటూ చెప్పేసేవాణ్ణి. మాట మీద నిలబడే మనిషి, అంతే. అంత గట్టిగా నిలబడకపోయినా బాగుండేది.

ఒకనాడు గట్టయ్య కుక్క ఈనింది. పిల్లలన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికి మెడ చుట్టూ తెల్ల పట్టీ, నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు, తోక కొసన తెల్ల కుచ్చు. కళ్లు కూడా తెరవలేదు, ఈదవ్వ వేలు పట్టుకుని చప్పరించింది.

అదే పొద్దున గట్టయ్య మందలో ఒక గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. తల్లి అరుస్తూ దొడ్డంతా తిరుగుతోంది. పొదుగు రాయిలా గట్టిపడింది. అలాంటప్పుడు కురుమలు ఏం చేస్తారంటే, చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని ఇంకో పిల్లకు చొక్కాలా తొడుగుతారు. గొర్రె వాసన చూసి నా పిల్లే అనుకుని పాలిస్తుంది. ఈదవ్వకు అది వెన్నతో పెట్టిన విద్య. తోలు ఒలిచింది. చూస్తే ఆ రోజు దొడ్డిలో తల్లి లేని గొర్రెపిల్ల ఒక్కటీ లేదు. గంపలో కుక్కపిల్ల ఉంది.

ఈదవ్వ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఆ నల్ల తోలు కుక్కపిల్లకు తొడిగి, మెడ దగ్గర దారంతో కుట్టింది. మెడ పట్టీ కనబడలేదు, కాళ్లూ తోకా కూడా కనబడలేదు.

"కనబడకు బిడ్డా," అంది దాని చెవిలో. "కనబడకుంటె బతుకుతవ్."

గొర్రె వచ్చింది. వాసన చూసింది. ఒకసారి చూసి వెనక్కి పోయింది. రెండోసారి చూసి కాలు దువ్వింది. మూడోసారి చూసి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. కుక్కపిల్ల పొదుగు పట్టుకుంది. ఈదవ్వ అక్కడే పెంటలో కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లలో లోయకు మోసిన పిల్లలన్నిటి కోసం ఆ పొద్దున ఒకేసారి ఏడ్చింది.

గట్టయ్య వచ్చి అడిగాడు. "అవ్వా, మచ్చపిల్లను పారేసినవా?"

"నా చేతుల లేదు కొడుకా," అంది ఈదవ్వ. అబద్ధం చెప్పలేదు చూడండి. అది ఆమె చేతుల్లో లేదు కదా, గొర్రె కింద ఉంది.

కుక్కపిల్ల గొర్రె పాలు తాగింది, గొర్రెల మధ్య పడుకుంది, గొర్రెలతో లేచింది. తానూ గొర్రెనే అనుకుందో ఏమో. ఈదవ్వ దానికి పేరు పెట్టలేదు. బిడ్డా అనే పిలిచేది. మందలో ఏ గొర్రె వెనకబడినా వెళ్లి మూతితో పొడిచి తీసుకొచ్చేది. తోలు బిగుతై చిరిగిపోయాక ఈదవ్వ కుండ మసి గీకింది, ఆముదంలో కలిపింది, రోజూ పొద్దున్నే దాని మెడకూ కాళ్లకూ తోకకూ పూసింది. పూస్తూ అదే మాట చెప్పేది.

"కనబడకు బిడ్డా. కనబడకుంటె బతుకుతవ్."

గట్టయ్యకు కూడా అది నచ్చింది. "గీ నల్లది మంచిగున్నదే! ఎక్కడి పిల్లనే అవ్వా ఇది?" అన్నాడు ఒకసారి. ఈదవ్వ వినబడనట్టు చీపురు పట్టుకుని అవతలికి వెళ్లిపోయింది.

ఇలా దాగి దాగి ఎన్నాళ్లు? ఒక పండగనాడు గట్టయ్య కొత్త పంచె కట్టుకుని దొడ్డికి వచ్చాడు. కుక్క సంబరంగా వచ్చి అతని కాళ్లకు ఒళ్లు రుద్దుకుంది. పంచెకు మసి అంటింది. గట్టయ్య పంచె చూశాడు. కుక్కను చూశాడు. వంగి దాని మెడ మీద బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలి కింద తెల్లగా తేలింది.

ఊరంతా పోగైంది. గట్టయ్య ముఖం జేవురించింది.

"నీకు అంబలి పోసినందుకు మా కొంపల్ల చిచ్చు వెడ్తవా?" అన్నాడు. "మళ్ల గాలికుంటు వస్తె ఎవడే బాధ్యుడు?"

"అది పుట్టినంక ఒక్క గొర్రెకన్న జరమొచ్చిందా కొడుకా? నువ్వే చెప్పు," అంది ఈదవ్వ.

అక్కడున్న ఎవరూ నోరెత్తలేదు. నిజానికి రాలేదు. ఒక్క గొర్రె తుమ్మను కూడా లేదు. కానీ అంతమంది ముందు, అందులోనూ దొడ్డి ఊడ్చే ముసలిది అడిగిన ప్రశ్నకు, పల్లె పెద్ద తలొంచుతాడా?

గట్టయ్య కర్ర ఎత్తాడు. అప్పుడు అతని పెండ్లాం బీరవ్వ అడ్డం వచ్చింది. "మన గొర్రె పాలు తాగిందయ్యా అది, నా కండ్లతోని జూసిన. పాలు తాగినదాన్ని దొడ్డిల సంపుతరా ఎవరన్న?" అంది. అదీ ఆ పల్లె కట్టుబాటే. గట్టయ్య కర్ర దించాడు. దించి, అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాడు.

"అవ్వా, దీన్ని గుట్ట దాటించు. మళ్ల గా మచ్చ నా కంట వడ్డదా, నా ఒడిసెల రాయి దాని మీదికే. బీరప్ప మీద ఆన."

బీరప్ప వాళ్ల దేవుడు. ఆ ఒట్టు వేస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు.

మర్నాడు ఈదవ్వ కుక్క మెడకు తాడు కట్టి గుట్ట దాటించింది. అవతల ఒక తుమ్మ చెట్టుకు కట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చింది. వచ్చేసరికి గుడిసె ముందు కుక్క కూర్చుని ఉంది, మెడలో కొరికేసిన తాడు ముక్కతో.

"గుట్ట దాటించినవా అవ్వా?" అని అడిగాడు గట్టయ్య సాయంత్రం.

"దాటింది కొడుకా," అంది ఈదవ్వ. దాటిన మాట నిజమే. పోయేటప్పుడు ఒకసారి దాటింది, వచ్చేటప్పుడు ఇంకోసారి దాటింది. నవ్వండి, ఫరవాలేదు. ఇక ముందు నవ్వడానికి ఏమీ లేదు.

ఈదవ్వ కుక్కను గుడిసెలో దాచింది. తన అంబలి దానికి పోసి తాను నీళ్లు తాగింది. మసి మాత్రం పూస్తూనే ఉంది, ఎందుకైనా మంచిదని. తలుపు సందులోంచి మంద వెళ్లడం చూసి కుక్క మూలిగేది. మంద వచ్చేటప్పుడు మళ్లీ మూలిగేది. "ఊకో బిడ్డా," అనేది ముసలిది. "కనబడకు. కనబడకుంటె బతుకుతవ్."

అలా ఉండగా తొలకరి వచ్చింది. రావడం రావడం కుండపోతగా వచ్చింది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు, కానీ మబ్బుకు లోకమంతా బొగ్గులా అయిపోయింది. మంద అప్పుడే గుట్ట దిగుతోంది. సరిగ్గా అప్పుడు పడ్డాయి తోడేళ్లు. ఒకటి కాదు, మూడు. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. కురుమలు బండలెక్కి ఒడిసెలలు తీశారు. రాళ్లు పెట్టుకున్నారు. ఎటు విసరాలో తెలియలేదు. కింద అంతా ఒకే నలుపు. ఏది కుక్కో, ఏది గొర్రో, ఏది తోడేలో.

గొర్రెల అరుపు గుడిసె దాకా వినబడింది. కుక్క ఆగలేదు. తడిక తలుపును ఒక్క తోపు తోసి వానలోకి దూకింది. వాన దాని మెడ కడిగింది. కాళ్లు కడిగింది. తోక కడిగింది. ఇన్నాళ్ల మసి ఒక్క వానకు పోయింది.

ఈదవ్వ మూలనున్న నల్ల గొంగడి తల మీదుగా ముసుగులా కొప్పెర వేసుకుని, నడుం వంచి, దాని వెనక పరుగెత్తింది.

బండ మీద గట్టయ్య చూశాడు. ఆ నలుపులో ఒక తెల్ల పట్టీ పరుగెడుతోంది. నాలుగు తెల్ల పాదాలు పరుగెడుతున్నాయి. మచ్చ అతని కంట పడింది. ఒట్టు గుర్తొచ్చింది. ఒడిసెల పైకెత్తాడు. కానీ గట్టయ్య మంద మనిషి కదా, ఇంకోటి కూడా చూశాడు. ఆ తెలుపు దేన్నో తరుముతోంది. తెలుపు కుక్కైతే, దాని ముందు ఉరికేది తోడేలు.

"తెల్లపట్టీని ఇడిసిపెట్టుండ్రి!" అని అరిచాడు. "దాని ముంగట కొట్టుండ్రి!"

కొట్టారు. మొదటి తోడేలు పడింది. తెలుపు పక్కకు తిరిగింది. అందరూ దాని ముందుకు కొట్టారు. రెండో తోడేలు పడింది. కురుమలు ఈలలు వేశారు, కేకలు వేశారు. వాళ్ల తాతల నాటి నుంచీ మసకలో అంత సులువుగా గురి కుదిరిన రోజు లేదు. గట్టయ్య వానలో తడుస్తూ పసిపిల్లవాడిలా నవ్వాడు.

కింద నుంచి ఈదవ్వకు అదంతా తెలియదు. ఆమెకు కనబడింది ఒక్కటే. బండల మీద మగవాళ్లంతా ఒడిసెలలు తిప్పుతున్నారు, రాళ్లన్నీ తన బిడ్డ వైపే వస్తున్నాయి. గట్టయ్య అన్నంత పని చేస్తున్నాడని అనుకుంది. ఇంకేం అనుకుంటుంది పాపం? ఊరందరి ముందు ఒట్టు పెట్టుకున్న మనిషి. వంగి వంగి, గొర్రెల మధ్య నుంచి, కుక్కకు అడ్డం పడడానికి ఉరికింది.

గట్టయ్యకు తెల్ల పట్టీ ముందు నల్లగా, కిందికి వంగి ఉరికొస్తున్నది ఏదో కనబడింది. మూడో తోడేలు అనుకున్నాడు. రాయి పెట్టాడు. తిప్పాడు. వదిలాడు.

గట్టయ్య గురి తప్పదని మొదటే చెప్పాను.

అది పడింది. కేకలు వేయబోయినవాళ్లు ఆగారు, ఎందుకంటే కుక్క దాని మీద పడి కరవలేదు. దాని పక్కన పడుకుంది. మూతి పెట్టి నాకుతోంది. గట్టయ్య బండ దిగి వెళ్లాడు. వెళ్లేసరికి గొంగడి కొప్పెర జారింది. తెల్ల జుట్టు బయటపడింది.

"అయ్యో అవ్వా," అని అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఎందుకొచ్చినవే? పిలవకపోతివి, ఒక్క కేకెయ్యకపోతివి."

కేక వేసిందో లేదో ఎవరికీ తెలియదు. వేసింది, వానలో వినబడలేదని కొందరంటారు. వేయలేదని కొందరంటారు. నేనైతే వేయలేదనే అనుకుంటాను. ఆ ఊళ్లో ఆమె గొంతు ఎత్తింది ఒక్కసారి, అప్పుడూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈదవ్వ కళ్లు తెరిచింది. గట్టయ్య చేయి పట్టుకుంది. "దాన్ని కొట్టకు కొడుకా," అంది. "గొర్రె పాలు తాగింది."

"కొడ్తలేనవ్వా. దాన్ని కొడ్తలే. దాన్ని జూసే కదనే మంద బతికింది," అన్నాడు గట్టయ్య.

ఆ మాట ఆమె విన్నదో లేదో. చేయి వదిలేసింది. వాన కురుస్తూనే ఉంది.

మూడో తోడేలు ఎటుపోయిందో ఎవరూ పట్టించుకోలేదు. ఈదవ్వను దొడ్డి పక్కనే మట్టి చేశారు. ఊరు ఊరంతా వచ్చింది. ఆమెకు బతికుండగా కూర్చోమని చాప వేయనివాళ్లు కూడా వచ్చి నేల మీద కూర్చుని ఏడ్చారు. ఏం లాభం? ఆ ఏడుపులో పావు వంతు మొదట ఏడ్చి ఉంటే గంప మోసే పని ఆ ముసలిదానికి పడేదే కాదు. బీరవ్వ రోజూ అంబలి తీసుకొచ్చి కుక్క ముందు పెట్టేది. కుక్క తిన్నది కొన్నాళ్లకు. మందకు మళ్లీ పోయింది. దాని కడుపున పుట్టినవన్నీ నలుపూ తెలుపూ కలిసినవే. ఎవరూ గంప ఎత్తలేదు.

గట్టయ్య మాత్రం ఈదవ్వ గొంగడిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "గీ అంచుకు ఏలెడంత తెలుపున్నా నాకు కనబడుతుండె," అనేవాడు. మూడు రోజులూ అదే మాట, మూడు నెలలూ అదే మాట. ఆ పల్లెలో తెల్ల ఉన్ని పోగైనా దొరకదు. చివరికి తన మందలో అందరికంటే మంచి పొట్టేలును వెంటబెట్టుకుని ఎక్కడో తెల్ల గొర్రెలున్న దేశం దాకా నడిచాడు. పొట్టేలును ఇచ్చి గంపెడు తెల్ల ఉన్ని తెచ్చాడు. ఒడిసెలను పొయ్యిలో పెట్టాడు. మగ్గం ముందు తానే కూర్చుని పల్లెలో ప్రతి గొంగడికీ తెల్లంచు నేశాడు. అందరికీ నేశాడు, ముసలివాళ్లకు ముందు. నేసినంతసేపూ ఆ ముసలిదాని గొంగడికి మాత్రం ఇక అంచు నేయలేనని తెలుసు అతనికి.

ఇప్పటికీ ఆ వైపు వెళ్లి చూడండి. నల్ల గొంగడికి తెల్లంచు లేకపోతే మగ్గం మీంచి దించరు. నలుపూ తెలుపూ కలిసిన కుక్క ఏ ఇంట్లో పుట్టినా దాన్ని ఈదవ్వ బిడ్డ అంటారు, తొలి ముద్ద దానికే పెడతారు. మొన్నీమధ్య పట్నం నుంచి ఒక ఇంటి అల్లుడు కారులో కుక్కను తీసుకొచ్చాడు. తెల్లటి ఒంటి నిండా నల్ల చుక్కలు. డాల్మేషియన్ అంటారట, ఎక్కడిదో పెద్ద జాతట. ఆ ఇంటి ముసలావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడెక్కడ తిరిగొచ్చినవ్ బిడ్డా," అని గిన్నెడు అంబలి ముందు పెట్టింది. అది ప్యాకెట్ తిండి తప్ప ముట్టదని అల్లుడు చెప్పేలోపే గిన్నె ఖాళీ.

ఆ అల్లుడే ఇంకోటి కూడా చూశాడు. మునిమాపు వేళ మంద అంచున ఏదో నల్లగా కదిలింది. అతని మామ, ఆ మంద కాసే కురుమ, ఒడిసెలలో రాయి పెట్టుకున్నాడు. కానీ తిప్పలేదు. గొంతెత్తి పిలిచాడు. "అవ్వా, నువ్వేనా?" ఆగాడు. మళ్లీ పిలిచాడు, "అవ్వా, నువ్వేనా?" ఆగాడు. మూడోసారి కూడా పిలిచి, ఆగి, అప్పుడు విసిరాడు. రాయి వెళ్లి ఖాళీ నేల మీద పడింది.

"అన్నిసార్లు పిలిచేలోపు తోడేలు పిల్లను ఎత్తుకుపోదా మామా?" అని అడిగాడు అల్లుడు.

"పోతది," అన్నాడు కురుమ.

"మరి?"

"పోనియ్యి అల్లుడా," అన్నాడు ఆయన తాడు చుట్టుకుంటూ. "గొర్రె ఇంకోటి ఈనుతది."